ఆశువాదనకు ముందస్తు అనుమతి

ఆ శనివారం పొద్దున ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ముందుగదిలో పొడుగాటి బల్లకు తలవైపు సమితి అధ్యక్షులు భైరవమూర్తి గారు. నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయనకు కుడిపక్కన కార్యదర్శి ప్రభాకరలింగం గారు, ఎడమపక్కన విద్యా సలహాదారు డాక్టర్ ఇందీవర గారు. బల్లకు ఆ కొసన, రాజధాని నుంచి బస్సులో కూర్చునే వచ్చి, నిద్ర చాలక బూట్లు విప్పేసుకున్న పరిశీలకుడు. అటూ ఇటూ పాదతాళ ఉపసంఘం సభ్యులు ఐదుగురు. వంటింట్లో టీ కాస్తూ అటెండరు సామ్రాజ్యం. వంటింటి అలమరలో, తాళం వెనక, ఒక క్లారినెట్టు.

వాయించడం వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. వరండాను కూడా ఇంట్లోకే లెక్క వేసుకుంటే మాత్రం ఒకరున్నారు. వరండా బెంచీ మీద సలోమి కూర్చుని ఉంది.

సలోమిది లంకతోట. పదో తరగతి. ఎవరితో మాట్లాడాల్సివచ్చినా తల వంచేసి వాళ్ళ పాదాల వంక చూసే పిల్ల. బళ్ళో లెక్కల మేష్టారి ముఖం ఎలా ఉంటుందని అడిగితే చెప్పలేదు గానీ, ఆయన ఎడమ చెప్పుకు తెగిన పట్టీని ఏ రంగు దారంతో కుట్టించుకున్నారో చెప్పగలదు. ఆమె తాత గాబ్రియేలు లంకతోట బ్యాండుమేళంలో నలభై ఏళ్ళుగా క్లారినెట్టు వాయిస్తున్నాడు. లోపల అలమరలో ఉన్నది ఆయనదే. ఆయన ఇప్పుడు గేటు బయట, గోడ నీడన, బంగారు అంచుల ఎర్రకోటు తొడుక్కుని సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సాయంత్రం పెళ్ళి. విడిది అక్కడికి రెండు వీధుల అవతలే.

ఈ కథ తెలియాలంటే ఆ క్లారినెట్టు అలమరలోకి ఎలా వెళ్ళిందో ముందు తెలియాలి.

మూడేళ్ళ కిందట భైరవమూర్తి గారు ఏదో సదస్సుకని రాజధాని వెళ్ళి ఒక పెద్ద హోటల్లో దిగారు. పొద్దున్నే ఇడ్లీ తింటూ ఉండగా పైనున్న డబ్బాలోంచి ఒక సంగీతం వినిపించింది. అదేమిటని అడిగితే జాజ్ అన్నారు. ఇంత పెద్ద తీరప్రాంతంలో జాజ్ లేకపోవడం ఎంత వెనకబాటుతనమో ఆ ఇడ్లీ ముగిసేలోగా ఆయనకు అర్థమైపోయింది. తిరిగొచ్చిన నెలకే తీరప్రాంత జాజ్ వాద్య ప్రోత్సాహక, సంగీత విద్యా సేవా సమితి వెలిసింది. లాభాపేక్ష లేని సంస్థ. ఒక మిల్లు యజమాని ఖాళీగా ఉన్న తన ఇంటిని ఇచ్చాడు. మూడేళ్ళలో సమితి నలభై ఒక్క సర్క్యులర్లు వెలువరించింది. సంగీతం ఇంకా మొదలు కాలేదు. పునాది గట్టిగా ఉండాలి కదా అనేవారు అధ్యక్షులు. కాలువలు తవ్వించిన మనిషి, ఆ మాట ఆయనకు తెలుసు.

వాటిలో నలభై ఒకటో సర్క్యులరు చాలా పేరు తెచ్చుకుంది. జాజ్‌లో ఊపు ముఖ్యమని ఎక్కడో చదివి దాన్ని క్రమబద్ధం చేశారు. శ్రోత తాళం వేయదలచినచో కుడి పాదముతోనే వేయవలెను. రెండవ, నాలుగవ దెబ్బలపైనే వేయవలెను. మడమ నేలను వదలరాదు, వేళ్ళు రెండు అంగుళములకు మించి లేవరాదు. దీన్ని అమలు చేయడానికే పాదతాళ ఉపసంఘం పుట్టింది. ఐదుగురికీ ఒకే రకం తెల్ల కాన్వాసు బూట్లు, తలా ఒక చెక్క స్కేలు. సంగీతం లేదు కాబట్టి వాళ్ళు ఇప్పటిదాకా ఒకరి పాదాలు ఒకరు కొలుచుకుంటూ వచ్చారు.

సలోమి బడి గోడకు సమితి కరపత్రం అంటించారు. "రండి! మీకు తోచినట్టు వాయించండి!" అని ఉంది దాని మీద. సలోమి దాని ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఎందుకంటే తోచినట్టు వాయించడమే ఆమెకు వచ్చిన విద్య.

బ్యాండువాళ్ళకు ఒక అలవాటుంది. పెళ్ళికొడుకును ఎదురుకోవడానికి వెళ్ళినప్పుడు వీధి మలుపులో డోళ్ళు, బాకాలు అన్నీ ఆగిపోతాయి. క్లారినెట్టు ఒక్కటే ముందుకొస్తుంది. వాయించేవాడు మగపెళ్ళివారి ముఖాల్లోకి చూస్తాడు. ఎవరో ఒక పెదనాన్న అలిగి ఉంటాడు, ఎవరో ఒక అత్తగారు మూతి ముడుచుకుని ఉంటుంది. వాళ్ళను చూస్తూ, ఆ క్షణాన ఏది తోస్తే అది, ఆ ముఖం విచ్చుకునేదాకా వాయిస్తాడు. దాన్ని వాళ్ళు "ముఖం చూసి వాయించడం" అంటారు. గాబ్రియేలు ఇందులో పెద్ద చెయ్యి. మనవరాలికి తొమ్మిదో ఏట నుంచీ నేర్పాడు. ఆ పిల్ల ముఖాలు చూడలేక పాదాలు చూసి వాయించడం మొదలుపెడితే ముందు నవ్వాడు గానీ తర్వాత, "కాళ్ళు చూసినా తెలిసిపోతందిలే, కానీ" అన్నాడు.

అలా సలోమి సమితిలో చేరింది. మొదటిరోజే ఆమె వెంట తెచ్చిన తాత క్లారినెట్టు అడిగి తీసుకున్నారు. ప్రమాణీకరణ అన్నారు. వారం తర్వాత నివేదిక వచ్చింది. "వాద్యము యొక్క నడుమ కీలు వద్ద ఎర్రదారము చుట్టబడియున్నది. దీని ఆవశ్యకతపై వివరణ పొందువరకు వాద్యము సమితి భద్రతలో ఉంచబడును." కీలు దగ్గర బెండు అరిగిపోతే వదులవకుండా దారం చుడతారు. ఆ సంగతి గాబ్రియేలు గేటు దగ్గర నిలబడి చెప్పాడు. కానీ అభ్యర్థి తాత దగ్గర్నుంచి వివరణ తీసుకునే నిబంధన లేదు. అందుకని వాద్యం తయారు చేసిన పరదేశపు కంపెనీకి ఉత్తరం రాశారు. ఆ కంపెనీ మూతపడి అరవై ఏళ్ళయిందని ఉత్తరం తిరిగొచ్చింది. అలా తిప్పి పంపే అధికారం ఎవరిచ్చారని ఇంకో ఉత్తరం రాశారు.

ఈలోగా మూడు నెలలు గడిచాయి. సలోమికి వారం వారం పాఠాలు జరిగాయి. "జాజ్‌లో మౌనం", "మౌనంలో జాజ్", "ఊపు: ఒక పరిచయం". అన్నీ నల్లబల్ల మీదే. అక్కడ మేళంలో గాబ్రియేలుకు వాయించేందుకు ఏమీ లేక బ్యాండు మేష్టారు ఆయన చేతికి గలగలలాడే గిలకలు ఇచ్చాడు. నలభై ఏళ్ళు మేళానికి ముందు నడిచిన మనిషి మూడు నెలలుగా చివరి వరసలో గిలకలు ఊపుతున్నాడు. నిన్న బ్యాండు మేష్టారు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, "అన్నా, రేపటి పెళ్ళిలోకి కూడా నీ క్లారినెట్టు రాకపోతే టౌనులోంచి వేరే మనిషిని పెట్టేసుకుంటాను. శాశ్వతంగానే. ఏమీ అనుకోకు" అని చెప్పి వెళ్ళాడు.

సలోమి తాత పాదాలు చూసింది. రెండూ ఒకదాని మీద ఒకటి ముడుచుకుని ఉన్నాయి.

క్లారినెట్టు తిరిగి రావడానికి దారి లేకపోలేదు. ఆశువాదన అర్హతా పరీక్షలో నెగ్గితే వాద్యం అభ్యర్థికి ఇచ్చేస్తారు. ఆశువాదన అంటే అప్పటికప్పుడు తోచింది వాయించడం. సలోమి నెల కిందటే దరఖాస్తు పెట్టుకుంది. ఆ ఫారంలో పద్నాలుగు గడులు. ఐదో గడి: "అప్పటికప్పుడు వాయించబోవు స్వరములు (పదిహేను రోజులు ముందుగా, మూడు ప్రతులలో)."

సలోమి ఆ గడిలో "తెలియదు" అని రాసింది. ప్రభాకరలింగం గారు ఫారాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు.

"ఏమ్మా, ఇదేమిటి? తెలియదు అంటే ఏ స్వరం?"

"ఏం తోస్తుందో ముందే తెలియదండి."

"అట్లా అంటే ఎట్లాగమ్మా. రేపు నీకు తోచకూడనిది తోస్తే ఎవరు జవాబుదారీ? నువ్వు పిల్లవి, నీకేం. నేను సంతకం పెట్టాలి."

రెండోసారి సలోమి బుద్ధిగా స్వరాలన్నీ రాసి ఇచ్చింది. ప్రభాకరలింగం గారు ముద్ర వేశారు. ఈసారి డాక్టర్ ఇందీవర గారు ఒప్పుకోలేదు. జాజ్‌లో మౌనం మీద ఎనిమిది వందల పేజీల పరిశోధన చేసిన మనిషి.

"ముందే తెలిస్తే అది ఆశువాదన ఎలా అవుతుంది సలోమీ? జాజ్ అంటే స్వేచ్ఛమ్మా, స్వేచ్ఛ."

"మరి తెలియదని రాస్తే కార్యదర్శి గారు..."

"స్వేచ్ఛకు ఒక పద్ధతి ఉండొద్దూ? ఎవరికి పడితే వాళ్ళకి, ఎప్పుడు పడితే అప్పుడు ఇచ్చేస్తారా?"

కార్యదర్శి గారేమో ముందే రాసివ్వాలంటారు. సలహాదారు గారేమో ముందే తెలియకూడదంటారు. ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. ఒకరి టీ కప్పు ఇంకొకరి ఎదుట పెట్టిందని సామ్రాజ్యానికి మెమో కూడా ఇచ్చారు. చివరికి అధ్యక్షుల వారు ఒక పరిష్కారం కనిపెట్టారు. ఎప్పుడో ఏదో డ్యాము దగ్గర ఇలాంటి చిక్కే వస్తే ఆయనే విప్పారట. అభ్యర్థి అప్పటికప్పుడు వాయించబోయేది అభ్యర్థికి బదులు ఉపసంఘం రాస్తుంది. రాసి కవరులో పెట్టి సీలు వేస్తుంది. అభ్యర్థికి చూపించదు. అప్పుడు అది ముందే రాసినట్టూ అవుతుంది, అభ్యర్థికి తెలియనట్టూ అవుతుంది. పరీక్షనాడు అభ్యర్థి కవరులో ఉన్నదాన్ని, చూడకుండా, తనకు తోచినట్టు వాయించాలి. ఒక్క స్వరం తేడా వచ్చినా తప్పినట్టే.

బల్ల చుట్టూ చప్పట్లు మోగాయి. ప్రభాకరలింగం గారు, ఇందీవర గారు ఒకరి టీ ఒకరు మార్చుకుని తాగారు.

తొమ్మిదో గడి తప్పులది. గొప్ప జాజ్ వాద్యకారుల తప్పులు కూడా అందంగా ఉంటాయని ఇందీవర గారు తన పరిశోధనలో రుజువు చేశారు. కాబట్టి ప్రతి అభ్యర్థి కనీసం మూడు తప్పులు చేయవలెను. అందులో ఒకటి అందమైనదై ఉండవలెను.

"ఏది అందమైనదో ఎలా తెలుస్తుందండి?" అని సలోమి ఇందీవర గారి కొల్హాపురి చెప్పులను అడిగింది.

"అది ఉపసంఘం చూసుకుంటుంది. నువ్వు తప్పు చెయ్యి, చాలు."

ఆ శనివారం పదకొండున్నరకు ఆ పరీక్ష. అదే రోజు ఆశువాదన నిబంధనావళికి తుది ఆమోదం ఇవ్వడానికి పరిశీలకుడు వచ్చాడు. సమావేశానికి ముందుగది కావాలి. పరీక్షకూ ముందుగదే కావాలి. కాబట్టి సమావేశం లోపల, పరీక్ష వరండాలో అని తేల్చారు. రెండు రెక్కల పెద్ద తలుపు బార్లా తీసి లోపలి గోడకు చేరవేశారు, లోపలివాళ్ళకు వినపడాలని.

"ఏమ్మా, ఇత్తారంటావా?" అని గాబ్రియేలు గేటు అవతల్నుంచి మెల్లగా అడిగాడు.

"తెలీదు తాతా."

"ఆరు గంటలకి ఎదురుసన్నాహం. గిలకలు సైకిలుకే కట్టుంచానులే. ఏదో ఒకటి ఊపుతాను." నవ్వబోయి ఊరుకున్నాడు.

సామ్రాజ్యం కొంగుకు కట్టుకున్న తాళంచెవితో అలమర తీసి, ఒక చేత్తో క్లారినెట్టు పెట్టె, ఇంకో చేత్తో జారీ రిజిస్టరు పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"ఇదిగో పిల్లా, ఇక్కడ సంతకం. తాత్కాలిక జారీ అని రాసాను. ఏడో రూలు చదివి వినిపించాలంట, విను. పరీక్ష ముగిసినదని అధ్యక్షుల వారు స్వయముగా ప్రకటించువరకు వాద్యము అభ్యర్థి స్వాధీనమునే ఉండును. అంతవరకు అభ్యర్థి వాయించుట ఆపరాదు. విన్నావా?"

"విన్నాను పిన్నీ."

"అయ్యగారు నోరు తెరిచి అయిపోయిందని చెప్పాలి. అప్పుడే నేను వెనక్కి తీసుకున్నట్టు రాసుకునేది. చెప్పకపోతే నేను రాసుకోను. వెంటపడి లాక్కోమని ఏ రూల్లోనూ లేదు." తర్వాత గొంతు తగ్గించింది. "శుక్రవారం శుక్రవారం కీళ్ళ దగ్గర ఒక్క చుక్క కొబ్బరినూనె పెడతన్నానే. కర్ర ఎండిపోతందేమోనని. ఎవరితోనూ అనకు, దానికి సర్క్యులరు లేదు."

సలోమి పెట్టె తెరిచింది. ముక్కలు బిగించింది. ఎర్రదారం అలాగే ఉంది. మూడు నెలలుగా ఎండిన రీడును, ఊదే చోట ఉండే ఆ సన్నటి రెల్లుబద్దను, నోట్లో పెట్టుకుని తడిపింది. లోపల ప్రభాకరలింగం గారు నిబంధనావళిలో పన్నెండో క్లాజు చదువుతున్నారు. అధ్యక్షులు చదువు ఆపించి గుమ్మం వైపు తిరిగారు.

"అభ్యర్థి సిద్ధమేనా? ఏమీ కంగారుపడకు. సహజంగా ఉండు. కవరు నా దగ్గర ఉంది."

సలోమి గుమ్మానికి ఇవతల నిలబడింది. తల ఎత్తలేకపోయింది. కళ్ళ ఎదుట బల్ల, బల్ల కింద తొమ్మిది జతల పాదాలు. అధ్యక్షుల వారి నల్లబూట్లు, లేసులు రెండు ముళ్ళు వేసి బిగించినవి. కార్యదర్శి గారి తోలు చెప్పులు. కొల్హాపురి చెప్పులు. ఐదు జతల కాన్వాసు బూట్లు, స్కేలు పెట్టి గీసినట్టు వరసగా. ఆ చివర పరిశీలకుడి మేజోళ్ళు. కుడి మేజోడు చిరిగి బొటనవేలు బయటికి కనిపిస్తోంది. అది చాలా అలిసిపోయిన బొటనవేలు.

కవరులో ఏముందో ఆలోచిద్దామనుకుంది. ఏమీ తోచలేదు. మూడు తప్పులు ఎక్కడ చేయాలో ఆలోచిద్దామనుకుంది. అదీ తోచలేదు. ఆ బొటనవేలి వంకే చూస్తూ ఊపిరి తీసుకుని ఊదింది.

మొదటి స్వరం బొంగురుగా వచ్చింది. రెండోది సర్దుకుంది. రాత్రంతా బస్సులో వేలాడిన పాదాలకు ఏం చెప్పాలో అది చెప్పింది, తొందరపడకుండా, బుజ్జగించినట్టు. బొటనవేలు ఒకసారి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. సలోమి దానికి జవాబిచ్చింది. అది లేచి పడుతుంటే ఆ లేచేదానికీ పడేదానికీ మధ్యనున్న చోటులోకి దూరి వాయించింది. గేటు బయట సైకిలు బెల్లు ఒకసారి మోగింది.

పరిశీలకుడు కళ్ళు తెరిచాడు. "బాగుందే. జాజ్ అంటే ఇదేనా?"

"కాదండి. దీనికింకా అనుమతి రాలేదు" అన్నారు ఇందీవర గారు.

"కవరు తెరవండి. సరిచూద్దాం" అన్నారు ప్రభాకరలింగం గారు.

అధ్యక్షులు సీలు పగలగొట్టారు. లోపల ఒకే కాగితం. ఆయన గట్టిగా చదివారు. "అభ్యర్థి అప్పటికప్పుడు ఏమి వాయించవలెనో నిర్ణయించుటలో ఏకాభిప్రాయము కుదరనందున, దానిని నిర్ణయించుటకు మరియొక ఉపసంఘమును నియమించవలసినదిగా ఈ ఉపసంఘము కోరుచున్నది."

"అంటే ఆ పిల్ల వాయించేది దీంతో సరిపోయినట్టా, సరిపోనట్టా?" అన్నాడు పరిశీలకుడు.

"సరిపోలేదని ఎలా అంటామండి? దీనికి విరుద్ధంగా ఒక్క స్వరం కూడా వాయించలేదు కదా" అన్నారు ప్రభాకరలింగం గారు.

"తప్పులు? నాకు ఒక్క తప్పూ వినపడలేదు. మూడు తక్కువ!" అన్నారు ఇందీవర గారు.

"మొదట్లో బొంగురుపోయిందిగా?" అన్నారు కార్యదర్శి గారు.

"అది అందమైనదా, మామూలుదా?"

చర్చ పెరిగింది. సలోమిని ఆపమని ఎవరూ చెప్పలేదు. ఏడో రూలు ప్రకారం ఆపకూడదు. ఆమె ఆపలేదు. నిజానికి ఆపమన్నా వినపడేది కాదేమో. కాన్వాసు బూట్లలో ఒక జత అప్పుడే లేచింది. రెండు అంగుళాలు దాటింది. పక్కవాడు స్కేలు తీసి కొలవబోయి, కొలవకుండా ఆ స్కేలుతో బల్ల అంచు మీద దెబ్బ వేశాడు. ఎడమ పాదాలు కూడా మొదలుపెట్టాయి. ఒకటో దెబ్బ మీద ఒకరు, మూడో దెబ్బ మీద ఒకరు, అసలు దెబ్బే లేని చోట ఒకరు. కొల్హాపురి చెప్పు ఒకటి ఊడి బల్ల మధ్యకు జారింది. సలోమి దేన్నీ వదల్లేదు. ఒక్కో జతనూ పలకరించి, చెప్పాల్సింది చెప్పి, పక్క జత దగ్గరికి వెళ్ళింది. వంటింట్లో సామ్రాజ్యం టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు కూడా తాళంలో పడిపోయింది.

మిగిలినవి నల్లబూట్లు. రెండు ముళ్ళవి. అవి మాత్రం కదల్లేదు. తాతయితే ఇలాంటివాళ్ళను చివరికి ఉంచుకుంటాడు. సలోమి మిగతా పాదాలన్నీ వదిలేసి, ఆ నల్లబూట్లకే చిన్నగా, ఎవరో వెనకనుంచి పేరు పెట్టి పిలిచినట్టు ఒక ముక్క వాయించింది. కుడిబూటు మడమ నేలను వదిలింది. సందేహం లేదు, వదిలింది. అధ్యక్షుల వారు తల వంచి తన బూటును తానే చూసుకున్నారు. నలభై ఒకటో సర్క్యులరు మీద ఉన్నది ఆయన సంతకమే. ఎడమబూటు ఎత్తి కుడిబూటు మీద వేసి అణిచిపెట్టారు. రెండు క్షణాలు ఆగింది. తర్వాత పైనున్న ఎడమబూటు ఆడడం మొదలుపెట్టింది.

భైరవమూర్తి గారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. ముఖం ఎర్రగా కందింది.

"ఇక్కడ ఆశువాదన గురించి ముఖ్యమైన చర్చ జరుగుతుంటే ఏమిటా గోల!"

పెద్ద పెద్ద అడుగులు వేసుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చారు. నల్లబూట్లు వచ్చి తన ఎదుట ఆగడం సలోమి చూసింది. ముగిసిందంటారని క్లారినెట్టును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆయన ముగిసిందనలేదు. గోడకు చేరవేసి ఉన్న తలుపు రెక్కలు రెండూ లాగి, ఆమె ముఖం మీదే వేసి, క్లారినెట్టు ఆమె చేతుల్లో ఉండగానే లోపలి నుంచి గడియ పెట్టారు. అంతసేపూ గదిలోపలి వైపు తిరిగి ఉన్న తలుపు ముఖం ఇప్పుడు ఆమె వైపు తిరిగింది. దాని మీద, నాలుగు మూలలా జిగురు పెట్టి, ఒక కరపత్రం అంటించి ఉంది: "రండి! మీకు తోచినట్టు వాయించండి!"